మనిషిని ఏమని పిలుస్తున్నాము? – డిచ్‌పల్లి చరిత్ర నుండి ఒక పాఠము



ఈసారి ధ్యానమును ఒక ఒప్పుకోలుతో మొదలుపెడుతున్నాము. కొన్నేళ్ళ క్రితం, మన మోర్తాడ్ చుట్టుపక్కల చేలల్లో పసుపు తవ్వకాలు జరుగుతున్న రోజుల్లో, ఒక ఆదివారం మార్కు సువార్త మొదటి అధ్యాయము నుండి వాక్యము చెప్పాము. కుష్ఠరోగి యేసు ప్రభువు దగ్గరకు వచ్చి మోకాళ్ళూనిన భాగమది. ఆ రోజు మేము గొంతు పెంచి "పాపమనే కుష్టు, పాపమనే కుష్టు" అని పదిసార్లు అన్నాము. కుష్టోడిని ఊరు ఎట్లా దూరం పెడుతుందో వర్ణించి వర్ణించి చెప్పాము. సంఘము ఆమేన్ అన్నది. ప్రసంగము బాగా సాగుతున్నదని మాకు సంతోషము కలిగింది.

వెనక వరసలో గోడకు ఆనుకొని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన చేతివేళ్ళు లోపలికి ముడుచుకొని ఉంటాయి. మేము ఆ మాట అన్నప్పుడల్లా ఆయన చేతులు కండువా కిందికి పోతున్నాయి. మేము చూశాము. చూసి కూడా ఆపలేదు. మరుసటి ఆదివారం ఆయన రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

ఆయన ఇంటికి వెళ్ళడానికి మాకు ఏడు వారాలు పట్టింది. వాకిట్లో కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతున్నాడు. లేచి మంచం వాల్చి, "కూసోండ్రి అయ్యగారూ" అన్నాడు. కోపము లేదు. కాసేపటికి తనే అన్నాడు: "రోగం పోయి యాభై ఏండ్లయింది అయ్యగారూ. మందుకు రోగం పోయింది గనీ మాట పోలే. ఊళ్ళె ఉంటదనుకున్న, గుళ్ళె గూడ ఉన్నది."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన చిన్నతనములో డిచ్‌పల్లి ఆసుపత్రిలో మందు తిన్నవాడు. ఇంటికి వచ్చిన తరువాత మేము ఆ ఆసుపత్రి చరిత్రను, ఆ రోగము పేరు చరిత్రను వెతికి చదవడం మొదలుపెట్టాము. క్రైస్తవుడు ఎదుటివారితో మంచిగా మాట్లాడాలని ఎన్నో ప్రసంగాలు చేశాము. కాని ఒక మాట మనిషిని ఊరి నుండి ఎట్లా వెళ్ళగొడుతుందో, ఒక మాట మళ్ళీ ఎట్లా లోపలికి పిలుస్తుందో అప్పుడే నేర్చుకున్నాము. నేర్చుకున్నది మీతో పంచుకుంటున్నాము.

డిచ్‌పల్లికి వచ్చిన డాక్టరమ్మ

నిజామాబాదు నుండి హైదరాబాదు పోయే దారిలో డిచ్‌పల్లి వస్తుంది. అక్కడి పాత రామాలయము అందరికీ తెలుసు. అదే డిచ్‌పల్లిలో 1915లో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి మొదలైంది. దానిని కట్టించినవారు డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్.

ఇసబెల్ 1875లో స్కాట్లాండులో ఒక రైతు ఇంట పుట్టింది. అబర్డీన్ విశ్వవిద్యాలయములో 1903లో వైద్యవిద్య పూర్తి చేసింది. ఆ రోజుల్లో ఆడపిల్ల డాక్టరు చదవడమే అరుదు. 1907లో భార్యాభర్తలు వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చారు. మెదకులో చార్లెస్ పాస్నెట్ దొర సేవ చేసిందీ, 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠ జరిగిన మెదకు పెద్ద చర్చిని కట్టించిందీ ఈ మిషనే.

నిజామాబాదు ప్రాంతములో ఇసబెల్ కెర్ ఎక్కడికి వెళ్ళినా కుష్టు సోకినవారు కనబడ్డారు. ఊరికి దూరంగా గుడిసెలు. బావి దగ్గరికి రానివ్వరు. పెండ్లికీ చావుకూ పిలువరు. వారికి ఒక చికిత్సాలయము కట్టాలని ఆమె తలపెట్టినప్పుడు పెద్ద మొత్తము ఇచ్చి ముందుకు వచ్చినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఇది మనము మరచిపోకూడదు. మిషనరీల ఆసుపత్రి అని మనము గొప్పగా చెప్పుకునే ఆ గోడల వెనుక వేరే విశ్వాసము గల మన జిల్లా మనిషి ధర్మము ఉన్నది. ఇరుగుపొరుగు మతస్థుల గురించి నోరు జారేముందు ఈ ఒక్క సంగతి గుర్తుకు తెచ్చుకుంటే చాలు.

ఆ కాలములో ఈ రోగానికి మాత్ర లేదు. చాల్‌మూగ్రా జాతి గింజల నుండి తీసిన నూనెను సూదితో ఒంట్లోకి ఎక్కించేవారు. ఒకసారితో అయ్యేది కాదు. మళ్ళీ మళ్ళీ, నెలల తరబడి ఎక్కించాలి. సూది నొప్పి పెడుతుంది. ఒక్కసారి ఆలోచించండి. ఊరంతా కేక వేసి దూరంగా పొమ్మన్న మనిషికి సూది వేయాలంటే దగ్గరకు రావాలి. చేయి పట్టుకోవాలి. పేరు అడిగి పుస్తకములో రాసుకోవాలి. నొప్పి ఎట్లా ఉందని అడగాలి. మళ్ళీ వారం రమ్మని చెప్పాలి. ఊరు పొమ్మన్న మనిషికి రమ్మనే మాట వినబడిన చోటు ఆ డిచ్‌పల్లి. మందు ఎంత పని చేసిందో, ఆ పిలుపు కూడా అంత పని చేసి ఉంటుందని మా నమ్మకము.

1923లో ఆనాటి ప్రభుత్వము ఇసబెల్ కెర్‌కు కైసర్-ఇ-హింద్ పతకము ఇచ్చింది. 1932లో ఆమె మన దేశములోనే కన్నుమూసింది.

రోగానికి మందు దొరికింది, మాటకు దొరకలేదు

ఇప్పుడు ఆ రోగము పేరు సంగతి చూద్దాము. 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సన్ ఈ రోగాన్ని కలిగించే సూక్ష్మక్రిమిని కనిపెట్టాడు. అంటే ఇది శాపము కాదు, పూర్వజన్మ పాపము కాదు, వంశపు దోషము కాదు, క్రిమి వలన వచ్చే రోగమని తేలి నూట యాభై ఏండ్లు దాటింది. అయినా 1898లో బ్రిటిష్ ఇండియాలో వచ్చిన చట్టానికి ఇంగ్లీషులో 'లెపర్స్ యాక్ట్' అని పేరు పెట్టారు. అంటే కుష్ఠువారి చట్టము. మనిషికి రోగము పేరే పేరైపోయింది.

క్రైస్తవులమైన మనము దీనికి అతీతులము కాదు. ఐర్లండు దేశస్థుడైన వెల్లెస్లీ బెయిలీ పంజాబులోని అంబాలాలో బడి పంతులుగా ఉండి, ఈ రోగుల దుఃఖము చూసి చలించి, 1874లో ఒక మిషన్ స్థాపించాడు. ఎంతో గొప్ప సేవ. దాని పేరు 'మిషన్ టు లెపర్స్'. ప్రేమతోనే పెట్టిన పేరు. కాని ఆ పేరు విన్న రోగికి ఎట్లా ఉండేదో అడగడానికి చాలా కాలము పట్టింది.

1948లో క్యూబా దేశపు హవానాలో కుష్ఠువ్యాధి నిపుణుల అంతర్జాతీయ మహాసభ జరిగింది. 'లెపర్' అనే మాటను విడిచిపెట్టి, 'కుష్ఠువ్యాధి ఉన్న రోగి' అని అనాలని ఆ సభ తీర్మానించింది. 1960ల నడుమ ఆ మిషన్ కూడా తన పేరు మార్చుకొని 'లెప్రసీ మిషన్' అయింది. తొంభై ఏండ్ల పేరు, లోకమంతా తెలిసిన పేరు, దానితోనే చందాలు వచ్చే పేరు. అయినా ఒక మాట రోగిని నొప్పిస్తున్నదని తెలిసి వదులుకున్నారు. ఇది కూడా సువార్త సేవలో భాగమేనని మేము ఇప్పుడు అనుకుంటున్నాము.

మందులు ముందుకు సాగాయి. నూనె సూదులు పోయి డాప్సోన్ మాత్రలు వచ్చాయి. మన పెద్దాయన ఏండ్ల తరబడి మింగినవి అవే. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసింది. దానితో రోగాన్ని బట్టి ఆరు నెలల్లో గాని, పన్నెండు నెలల్లో గాని పూర్తిగా నయమవుతున్నది. ఆ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితము.

చట్టములోని మాటలు మాత్రము చాలా ఆలస్యంగా కదిలాయి. 1898 చట్టాన్ని మన పార్లమెంటు 2016లో రద్దు చేసింది. భార్యకో భర్తకో కుష్ఠువ్యాధి ఉన్నదనే కారణము మీద విడాకులు అడిగే వీలు 2019 వరకు ఉండింది. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టములోనూ ఆ మాట ఉండింది. కష్టములోనూ సుఖములోనూ, రోగములోనూ ఆరోగ్యములోనూ విడువనని బలిపీఠము ముందు ప్రమాణము చేయించే మనము, ఆ ప్రమాణానికి ఎదురుగా ఉన్న ఆ మాటను గురించి ఎన్నడైనా నోరు విప్పామా?

బైబిలు ఏమి చూపిస్తున్నది?

లేవీయకాండము 13వ అధ్యాయములో చెప్పిన కుష్ఠు ఒక్క రోగము కాదు. బట్టకు పట్టిన మరకను, ఆ తరువాతి అధ్యాయములో గోడకు పట్టిన మచ్చను కూడా అదే పేరుతో పిలిచారు. కాబట్టి అక్కడి మాటను తెచ్చి నేటి రోగి నెత్తిన పెట్టడము వాక్యాన్ని సరిగా విభజించడము కాదు. అయినా 45, 46 వచనాలు చదివితే మనసు కలుక్కుమంటుంది. ఆ రోగి బట్టలు చింపుకొని, పై పెదవి కప్పుకొని, తాను అపవిత్రుణ్ణని తన నోటితోనే కేక వేయాలి. పాళెము బయట ఒంటరిగా ఉండాలి. ఇతరులు పెట్టిన పేరును తానే రోజూ పలకడము ఎంత బరువు!

మార్కు 1:40–45లో యేసు ప్రభువు దగ్గరకు వచ్చిన మనిషి ఆ కేక వేయలేదు. తనను శుద్ధునిగా చేయమని అడిగాడు. ప్రభువు కనికరపడి చేయి చాపి, ముట్టుకొని, అప్పుడు మాట్లాడాడు. వరుస గమనించండి. రోగము పోకముందే ముట్టుకున్నాడు. ఆ తరువాత చెప్పిన మాట, శుద్ధుడవు కమ్మన్న మాట. ఎన్నో ఏండ్లుగా ఆ మనిషి చెవుల్లో మోగుతున్న మాటకు అది సరిగ్గా ఎదురు మాట. ప్రభువు అతనికి ఆరోగ్యముతో పాటు కొత్త పేరు ఇచ్చాడు. ఈ భాగము మీద ప్రసంగిస్తూనే మేము పాత పేరును పదిసార్లు పలికాము. ఎంత అజ్ఞానము!

మార్కు 14వ అధ్యాయములో బేతనియలో కుష్ఠరోగియైన సీమోను ఇంట ప్రభువు భోజనానికి కూర్చున్నాడు. ఆ సీమోను స్వస్థత పొందినవాడే అయి ఉండాలి. లేకపోతే అంతమంది ఆయన ఇంట కూర్చోరు. రోగము పోయింది, పేరు పోలేదు. మన పెద్దాయన చెప్పింది అదే కదా.

మరి మిర్యాము సంగతి ఏమిటని కొందరు అడుగుతారు. మోషేకు విరోధముగా మాట్లాడినందుకు ఆమెకు కుష్ఠు వచ్చింది కదా అంటారు. నిజమే, సంఖ్యాకాండము 12లో అట్లా ఉన్నది. అయితే దానిని పట్టుకొని రోగులందరినీ పాపులనడము తగదు. పుట్టు గుడ్డివాని విషయములో పాపము ఎవరిదని శిష్యులు అడిగితే, అతనిదీ కాదు, అతని తల్లిదండ్రులదీ కాదని ప్రభువు చెప్పాడు (యోహాను 9). మిర్యాము కథలో మనము నేర్చుకోవలసింది వేరే ఉన్నది. ఆమె నాలుక మోషేను గాయపరచింది. మోషే నాలుక ఆమె కోసము మొరపెట్టింది. ఆమె తిరిగి వచ్చేదాకా ఏడు రోజులు జనమంతా ప్రయాణము ఆపి కాచుకున్నారు.

ఇక 2 రాజులు 5వ అధ్యాయము. నయమాను స్వస్థత వెనుక ఎవరి మాటలున్నాయి? మొదట ఒక చిన్నపిల్ల. ఇశ్రాయేలు నుండి చెరపట్టి తెచ్చిన పని పిల్ల. తనను చెరపట్టిన దేశపు సేనాధిపతికి రోగము వస్తే, బాగా అయ్యిందిలే అనుకోవచ్చు. ఆ పిల్ల మేలు కోరి, మేలు చెప్పింది. తరువాత అతని దాసులు. నయమాను కోపముతో వెనుదిరిగి పోతుంటే వారు దగ్గరకు వచ్చి తండ్రీ అని పిలిచి, సున్నితముగా నిజము చెప్పారు. ముఖస్తుతి చేయలేదు. అవునయ్యా, మీరన్నదే రైటు అని తల ఊపలేదు. మంచి మాట అంటే తీపి మాట మాత్రమే అనుకోవద్దు. ప్రేమతో దగ్గరకు వచ్చి చెప్పిన నిజమే మంచి మాట. ఆ రెండు మాటలు లేకపోతే నయమాను యొర్దానులో మునిగేవాడు కాదు.

మన ఊరిలో, మన నోటిలో

ప్రియులారా, మన ఊళ్ళలో ఒక అలవాటు ఉన్నది. కుంటి, గుడ్డి, చెవిటి, మెల్ల అని ముందు పెట్టి తరువాత పేరు చెప్తాము. అట్లనకపోతే ఏ మనిషో తెలియదంటాము. పిల్లలు పుట్టని చెల్లెను గొడ్రాలంటాము. భర్త పోయిన అక్కను అనరాని మాట అంటాము. బీడీలు చుట్టేకాడ నలుగురు కూర్చుంటే లేనివారి సంగతే మాట్లాడుకుంటాము. కొన్నిసార్లు ప్రార్థన మనవి పేరుతోనే ఒకరి ఇంటి గుట్టు పదిమందికి చెప్తాము. గల్ఫ్‌కు పోయిన తమ్మునికి ఇంటి దగ్గర భార్య గురించి ఒక వాయిస్ మెసేజ్ పంపడానికి నిమిషము పట్టదు. ఆ మాట విని పదిమంది పడుకునే గదిలో ఆ రాత్రి అతడు ఎట్లా గడుపుతాడో పంపినవారికి తెలియదు.

యాకోబు 3:9, 10లో చెప్పిన సంగతి ఇదే. దేవుణ్ణి స్తుతించే నాలుకతోనే, దేవుని పోలికలో పుట్టిన మనుష్యులను శపిస్తున్నాము. ఒకే నోరు. ఆదివారము స్తుతి, సోమవారము తిట్టు. దేవుని పోలిక అనే మాట దగ్గర ఆగండి. ఆ ముడుచుకున్న వేళ్ళ మీద కూడా దేవుని పోలిక ఉన్నది.

మాట వలన ప్రాణానికే నష్టము ఉన్నదని కూడా చెప్పాలి. కుష్ఠువ్యాధి మొదట్లో స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చగా కనబడుతుంది. అప్పుడే ఆసుపత్రికి పోతే వేళ్ళు ముడుచుకోవు, అవకరము రాదు. అధిక శాతము మందికి ఈ రోగము అంటుకోకుండా ఒంట్లోనే శక్తి ఉంటుంది కూడా. మరి ఎందుకు దాచుకుంటారు? ఊరు ఏమంటుందోనని. పెండ్లి సంబంధము తప్పిపోతుందేమోనని. మచ్చను చీరకొంగు కింద, చొక్కా కింద దాచిపెట్టేది రోగము కాదు, మన నాలుక. మీ ఇంట్లో ఎవరికైనా అటువంటి మచ్చ ఉంటే భయపడవద్దు. ఆశ కార్యకర్తను అడగండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. ఎవరూ తోడు రాకపోతే మాకు చెప్పండి, మేము వస్తాము.

ఈ వారము మూడు పనులు చేద్దాము. ఒకటి, మనిషిని అతని లోపముతో పిలువక పేరుతో, వరుసతో పిలుద్దాము. అన్నా, అక్కా, కాకా, పెద్దమ్మా అని పిలిచే నోరు దేవుడు మనకిచ్చాడు. రెండు, ఎదురుగా లేని మనిషి గురించి మాట్లాడేటప్పుడు ఆయన వెనక వరసలో కూర్చుని వింటున్నాడని అనుకొని మాట్లాడుదాము. మూడు, మన మాట వలన ఎవరైనా సంఘానికి రావడము మానివేశారా అని జ్ఞాపకము చేసుకుందాము. జ్ఞాపకము వస్తే వారి ఇంటికి వెళ్దాము. మాలాగా ఏడు వారాలు ఆగవద్దు.

కొలొస్సయులకు 4:6లో పౌలు మన మాట ఉప్పు వేసినట్టు రుచిగా, కృపతో ఉండాలని కోరాడు. ఉప్పు కూరకు రుచి ఇస్తుంది. అదే ఉప్పు పుండు మీద పడితే మంట పెడుతుంది. ఎక్కడ వేస్తున్నామో చూసి వేయాలి.

ఆ పెద్దాయన దగ్గర ఆ రోజు మేము క్షమాపణ అడిగాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "పేరు పెట్టి పిలువుండ్రి అయ్యగారూ, అంతే సాలు" అన్నాడు. ఆ ఆదివారము పుల్పిట్ మీద నుండి, ఆయన పేరు ఎత్తకుండా, మా తప్పును సంఘము ముందు ఒప్పుకున్నాము. ఆయన వెంటనే రాలేదు. రెండు నెలల తరువాత వచ్చాడు. ఇప్పటికీ వెనక వరసలో గోడకు ఆనుకొనే కూర్చుంటాడు. ప్రభురాత్రి భోజనము నాడు మాత్రము ముందుకు వచ్చి, కండువా తీసి, రెండు చేతులూ చాపుతాడు. మేము ఆయన పేరు పెట్టి పిలిచి రొట్టె ఇస్తాము.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, పాళెము బయట ఉన్నవానిని ముట్టుకొని మాట్లాడిన దేవా, మా నాలుకలను క్షమించుము. మా మాటల వలన చేతులు దాచుకున్నవారిని, తల వంచుకున్నవారిని మా యొద్దకు తిరిగి రప్పించుము. వారి ఇండ్లకు వెళ్ళే ధైర్యము మాకు ఇమ్ము. డిచ్‌పల్లిలో నీ సేవకుల ద్వారా, ధర్మాత్ముల ద్వారా నీవు చేసిన మేలుకై స్తోత్రములు. మా ఊరిలో, మా ఇంట్లో, మా నోట నీ మంచి మాట ఉండనిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.